బాకీ దీపం

గోదావరిఖని, రాత్రి షిఫ్టు.
లాంపు రూముల ముప్పై ఎనిమిదేండ్ల కొలువు నాది.
దిగేటోనికి దీపమిస్త, బిళ్ళ తీసుకుంట.
ఎక్కినంక దీపం తీసుకుంట, బిళ్ళ ఇస్త.
కొక్కేనికి బిళ్ళ మిగిలితే
లోపట మనిషి మిగిలినట్టు.

ఇయ్యాల సౌందర్య, కొత్తగ చేరిన సర్వే పిల్ల,
చార్జింగు బల్ల మీద కూసొని ఫోన్ల ఒక ముచ్చట జూపింది.
డెబ్బై ఏడుల దిగిందట ఒక యంత్రం, ఆకాశంలకు.
ఇంకా ఎక్కలేదు.
"దిగిందంటవేంది కాకా, అది పైకి పోయింది!"
బిడ్డా, బాయి మనిషికి
చీకటి ఎటున్నా కిందికే.

గురువును దాటి, శనిని దాటి,
సూర్యుని గాలి సుత అలసి ఆగే గట్టు దాటి పోతున్నదట.
దాని గొంతు ఇరవై మూడు వాట్లు,
మా క్యాంటీన్ ఫ్రిజ్జుల బుగ్గంత.
ఫస్టు షిఫ్టుల అది పిలిస్తే
మళ్ళ ఫస్టు షిఫ్టుకు మనకు వినవడుతది.

నడుమ ఓపారి మతి తప్పిందట.
ఐదు నెలలు అర్థంలేని గీతలే పంపిందట.
పాత కాగితాలు తిరగేసి,
చెడిన చిప్పును పక్కకు వెట్టి,
మిగిలిన జాగలనే ఇరికించి సర్ది
మళ్ళ మాట నేర్పిండ్రట.
గిది విన్నంక నాకు చాయ దిగలే.

ఎనభై తొమ్మిది, వానాకాలం.
మూడో సీముల కప్పు కూలింది.
అటువైపు ఓదెలు. దీపం నెంబరు నాలుగు వందల పదిహేడు.
మోటార్లు బందు వెట్టిండ్రు, బెల్టు బందు.
అందరం ఊపిరి బిగవట్టి
రాతికి చెవి ఆనిస్తే
టక్.
టక్.
పైపు మీద చెమ్మాసుతోటి కొడుతున్నడు.
మూడు దినాలు విన్నం.
నాలుగో దినం
ఇగ వినుడు ఆపుండ్రని
ఎవలు చెప్పాలె, ఎవలికి చెప్పాలె?

ఎడారుల్ల ఆ పెద్ద పెద్ద తెల్లగొడుగులు
ఆకాశానికి ఎందుకు చెవొగ్గి కూసున్నయో
నాకెవ్వరూ చెప్పనక్కరలేదు.

దాని పొట్టకు బంగారు పళ్ళెం కట్టిండ్రట.
యాభై ఐదు బాసల్ల దండాలు.
అండ్ల తెలుగు సుత ఉందని వినిపించింది.
గొంతు సల్లగుంది, జర పుస్తకం తెలుగు.
ఎవలన్న ఆ పలుకు పట్టుకొని వెతుక్కుంట వస్తే
ఖని బస్టాండుల తికమక పడుతరు.
నా దగ్గరికి తోలుండ్రి.
తిన్నరా అని అడుగుత. నీళ్ళిస్త.

ఇంకో ఫొటో. కెమెరా మూసుకునేముందు
ఒక్కసారి వెనక్కి తిరిగి తీసిందట.
భూమి ఏదంటే గోరుతోటి చూపెట్టింది,
గోరు కిందనే మునిగిపోయింది.
అండ్లనే గోదారి. అండ్లనే మా క్వార్టర్లు.
మనిషి పుట్టకముందు ఆకుల మీద పడ్డ ఎండ
నల్లగ గడ్డకట్టి, మేం తట్టలకెత్తిన ఎండ, అండ్లనే.
ఓదెలు సుత.
షాఫ్టు అడుగున నిలవడి తలెత్తితే
బాయి నోరు గంతే కనవడుతది, చుక్కంత.
గా చుక్కను చూసుకుంటనే
ఎన్నేండ్లు పని చేసిండ్రో మావోళ్ళు.

"దానికి చార్జింగు ఇంకెన్నాళ్ళు?"
"కొన్నేండ్లే కాకా. ఒక్కొక్క పరికరం ఆర్పుకుంట వస్తున్నరు."
"అంతా ఆరినంక?"
"పోతనే ఉంటది."

పొద్దుగాల కూతేసింది.
దీపాలచ్చినయ్, తడిసి, మసివూసుకొని.
ఒక్కటొక్కటి లెక్కవెట్టి తీసుకున్న.
నాలుగు వందల పదిహేడు బిళ్ళ తుడిచి
మళ్ళ అదే కొక్కేనికి తగిలించిన.
మేనేజర్లు ఆరుగురు మారిండ్రు,
తియ్యమన్నోళ్ళున్నరు. తియ్యలే.

రిజిస్టరు చివర రోజు రాసే మాట:
బాకీ, ఒకటి.
ఇయ్యాల జరసేపు కలం ఆగింది.
రెండు అని రాసిన.
సంతకం వెట్టేటోడు ఎట్లా చదువడు.